జమ్ముగూడ కొలత

పదిహేనేళ్ళకే మా మేనత్త అప్పాయమ్మ పాక చూరు తలకు తగిలేంత పొడుగు, వెదురు కర్రలా సన్నం. నాట్లకు వెళ్ళేవాళ్ళు వానకు నెత్తి మీద నుంచి వేసుకునే జమ్ముగూడ అందరికీ మోకాళ్ళ దాకా వచ్చేది, ఆమెకు నడుము దగ్గరే ఆగిపోయేది. భుజాల మీద వదులై గాలికి లేచిపోయేది. ఇంటికొచ్చేసరికి చీర తడిసి ముద్దయ్యేది. రామచంద్రపురం సంతంతా వెతికినా అన్నీ ఒకే కొలత. చివరికి, గూడలు అల్లే మా నాయనమ్మనే అడిగిందట.

"కాస్త పొడుగుది అల్లవే అమ్మా."

"వంగితే ఇదే సరిపోద్ది. పొడుగైతే కొస బురదలో పడుద్ది."

"మరి నిలబడినప్పుడో?"

"మనం నడుం ఎత్తేదెప్పుడే?"

ఆ మాట నాయనమ్మ కోపంగా కూడా అనలేదట. అదే నాకిప్పటికీ మండుతుంది.

అత్త బతుకంతా ఊడ్పుల్లోనే గడిచింది. వంగిన నడుము వంగినట్టే ఉండిపోయింది. మొన్న ముసురులో కాలవగట్టు మీద ఆమె వెనకే ఇంటికి నడిచాను. అదే కొలత గూడ. చీర అంచు కూడా తడవలేదు.