ఇవ్వని చెయ్యి

మొగుడు పోయిన ఆడమనిషి గాజులు పగలగొడితే, పోయినవాడికి ఏం ఒరుగుతుందో మీరు చెప్పగలరా? నన్ను అడిగితే నేను వాదన చెయ్యను. మా అక్క సంగతి చెబుతాను.

ఎమర్జెన్సీ రోజులు. ప్రభుత్వాన్ని సూటిగా తిడితే అచ్చుకాదు. అందుకని తిరుపతిలో నా అద్దెగదిలో కూర్చుని ఒక చావింటి కథ రాశాను. పోయిన ఇంటిపెద్ద పాత రాజ్యం. గాజులు పగలగొట్టే వాళ్లు అధికారం. చెయ్యి ఇవ్వనన్న విధవరాలు జనం. మారుపేరుతో ఒక చిన్న పత్రికలో వచ్చింది; ఒక ప్రతి అక్కకు పంపాను. అది విప్లవమా, సంస్కరణా అని మిత్రులు టీకొట్టు దగ్గర గొంతులు చించుకున్నారు.

ఆ వేసవిలోనే బంగారుపాళ్యం దగ్గర మామిడికాయల లారీ బోల్తాపడి మా బావ పోయాడు. తోపుల్లోనే పుట్టి పెరిగినా పులుపు నోట పెట్టని మనిషి. అక్క ఊరగాయ జాడీ మూత తీస్తే పెరట్లోకి పారిపోయేవాడు. ఆ జాడీ కంటబడినప్పుడల్లా అక్క కూలబడి ఏడ్చేది.

పదోనాడు వచ్చింది. మా వైపు ఒక పద్ధతి ఉంది. పగలగొట్టడానికి ముందు పసుపు రాసి, పూలు పెట్టి, మోచేతుల దాకా కొత్త గాజులు తొడుగుతారు. మగవాళ్లు అక్కడ ఉండకూడదు. నేనూ బయట పందిట్లోకి పోబోతుంటే అక్క పిలిచింది.

“రేయ్, నీ కథ సదివినా. రాజ్యం గీజ్యం నాకు తెలీదు. ఆమె చెయ్యి ఇయ్యలేదు గదా? నేనూ ఇయ్యను. నువ్వు ఈడనే ఉండు.”

ఉన్నాను.

బావ పెద్దమ్మ రాయి పట్టుకుని వచ్చింది. ఆమె కూడా విధవరాలే; ఆ ఇంట్లో ఆ పని ఆమెదే. “చెయ్యి ఇయ్యి తల్లీ. ఊరు నగుతాది.”

“నగనీ అత్తా. తొడిగింది మీరే గదా. ఉండనీండి.”

పందిట్లోంచి బావ చిన్నాయన అరిచాడు: “తమ్ముడు నేర్పించినాడప్పా! తిరుపతి సదువు!”

“వాడా మామా?” అంది అక్క. “పేరు పెట్టి రాసేదానికే భయపడినాడు. వాడేం నేర్పిస్తాడు?”

ఎవరో కిసుక్కున నవ్వారు. చావింట్లో, పది రోజుల తర్వాత, మొదటి నవ్వు.

ముసలామె రాయి దించింది. తన బోడి మణికట్టు చూసుకుంది. “నావి పగలగొట్టినప్పుడు నాకు పదారేండ్లు. నన్నెవురూ అడగలేదు” అని, “రెండు నాకియ్యి” అంది.

అక్క తన చేతి గాజులు రెండు తీసింది. ముసలామె చేతి ఎముకల మీద అవి దిగలేదు. ఎవరో పరుగెత్తి సబ్బు తెచ్చారు. నురగలో గాజు జారి మణికట్టుకు చేరగానే ముసలామె చెయ్యి ఎత్తి పందిట్లో ఉన్న మగవాళ్లందరికీ చూపించింది. వచ్చిన జనం కూర్చుని అన్నం తిన్నారు.

ఈ సంగతి చెబితే తిరుపతిలో మిత్రులు అడిగారు: “ఆ ముసలామె దేనికి సంకేతం?”

“దేనికీ కాదు. మా అక్క అత్త” అన్నాను. అంతకంటే గట్టి రాజకీయం నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

మీ వీధిలో రేపు ఏ ఇంట్లో పదోనాడో మీకు తెలుసు. కథలు తర్వాత చదువుకోవచ్చు. లేవండి, పందిరి దాటి లోపలికి పోండి, రాయి ఎత్తిన చెయ్యి పట్టుకోండి.