ఐసు పెట్టె ఊరిపెద్ద తీయలేదు

ఆ ఊరిపెద్ద దొంగ కాడు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

తుపాను తర్వాత శ్రీకాకుళం తీరంలోని ఒక పల్లెలో, చేపలమ్ముకునే ఆడవాళ్లకు ఐసు పెట్టెలు పంచాం. డబ్బు విదేశాలది. అవినీతి జరగకుండా చూడటం నా ఉద్యోగం. మెడలో కార్డు వేలాడుతుంటే నిజాయితీ నాతోపాటే జీపు దిగిందనుకునేవాణ్ని.

పంపకంలో ఒక పెట్టె తక్కువైంది. వరసలో చివరనున్న, మొగుడు పోయిన ఒకావిడకు అందలేదు. ఐసు లేకపోతే ఆమె చేపలు పాతపట్నం చేరేలోపే మెత్తబడిపోతాయి. ముందురోజు రాత్రి పెట్టెలు ఊరిపెద్ద సావిట్లో ఉన్నాయి కాబట్టి నేరం తేలిపోయిందనుకున్నాను. విచారణకు కమిటీ వేశాను. సభ్యుల పేర్లు నేనే రాసుకొచ్చి, "ఇది మీ కమిటీ" అని వాళ్లచేతే చప్పట్లు కొట్టించాను. ఫిర్యాదుల డబ్బా బిగించి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను.

ఆవిడ డబ్బా వైపు చూసింది.

"అందులో ఏటెయ్యాల బాబూ? నాకు రాత రాదు, నోరుంది. మా ఒడ్డున సేపలు వాటాలేసినోడు అందరికన్నా ఆకర్న తీసుకుంటాడు. ఈ పెట్టెలు పంచిందెవులు?"

"నేనే. నేను ఒక్కటీ తీసుకోలేదమ్మా" అన్నాను ఠీవిగా.

ఆవిడ ఆడపడుచు కిసుక్కున నవ్వింది. "వదినా, మొన్న ఆఫీసుకెల్తే బాబు మనకి సల్లటి నీల్లు దేన్లోంచి తీసిచ్చినాడే?"

లారీ దిగినప్పుడే, ఫొటోల కోసమని ఒక పెట్టె ఆఫీసుకు పంపించింది నేను. ఫొటోలు అయిపోయాయి. పెట్టెలో నీళ్లసీసాలు మిగిలాయి.

సాయంత్రం దాన్ని నేనే మోసుకెళ్లి ఇచ్చాను. "కడగనైనా నేదేటి?" అని తీసుకుంది.

తర్వాత నివేదిక రాశాను: "ఊరిపెద్ద వద్ద నిలిచిపోయిన పెట్టె, స్థానిక కమిటీ చొరవతో లబ్ధిదారుకు చేరింది." పైవాళ్లు మెచ్చుకున్నారు. ఆ వాక్యం చూసే, వలలు పంచేటప్పుడు ఆయన్ను దూరంగా ఉంచమన్నారు.

వలలు పంచిన రోజు ఆయన పడవ నీడలో ఒక్కడే కూర్చున్నాడు. "రా మావా, ఓ సెయ్యెయ్యి" అని ఎవరో పిలిచారు.

"నాను ముట్టుకుంటే లెక్క తగ్గిపోతాదంటరా" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.