గోలీ వేసుకుంటే అంగీ ఎందుకు

నా భార్య నా పాత అంగీని నాకు తిరిగి ఇచ్చేసింది. ఉతికి, మడతపెట్టి మరీ ఇచ్చింది.

మా నారాయణఖేడ్ పక్కన ఆడవాళ్లు చేనుకు పోయేటప్పుడు చీర మీద ఇంటాయన పాత పొడుగు చేతుల అంగీ తొడుక్కుంటారు. మా నాయన అంగీలన్నీ మా అమ్మ ఒంటి మీదనే చిరిగాయి. పెండ్లిళ్లకు దాచుకున్న తెల్లది తప్ప నా అంగీలూ చివరికి పత్తిచేనుకే పోయాయి.

ఈసారి వానలు వెనక్కి పట్టి ఎండలు మండుతుంటే, బజారులో మందుల దుకాణంవాడు ఆమెకు ఎర్ర గోలీల డబ్బా అమ్మాడు. టమాటా సారమట, యాంటీ ఆక్సిడెంట్లట. "ఎండలకు పోయే ముందు ఒకటి వేసుకో అవ్వా, తోలు కమలదు" అన్నాడట. మనం గోలీనీ వేసుకుంటాం, అంగీనీ వేసుకుంటాం. ఒకటి వేసుకున్నాక ఇంకొకటి ఎందుకని ఆమె అంగీ విడిచింది. నాలుగు రోజులు కలుపు తీసేసరికి మోచేతుల కింద తోలు కమిలి పొరలు లేచింది.

నేను బడికి పోయింది తక్కువ, చదివింది ఎక్కువ. టమాటాల్లో, ఆకుకూరల్లో ఉండే రంగు పదార్థాలు వారాల తరబడి తింటే చర్మంలో చేరతాయి. నూనెలో మగ్గితే ఒంటికి ఇంకా బాగా పడతాయి. అతినీలలోహిత కిరణాల దెబ్బను కొంచెం ఆపుతాయి. కొంచెమే. బట్ట చేసే పని అవి చేయవు. ఇదంతా విప్పి చెబితే ఆమె రొట్టె తిప్పుతూ విన్నది.

"నూనెల మగ్గవెట్టిన టమాట తొక్కు రొట్టెల రోజూ తింటనే ఉన్న గద. ఇగ అంగీ ఎందుకు?" అన్నది.

దుకాణానికి పోయాను.

"అంగీ విడవమని చెప్పినవా?"

"నేనేడ చెప్పిన తాతా? వేసుకోమన్న."

"ఏం వేసుకోమన్నవ్?"

"గోలీ."

"గోలీ వేసుకున్నా అంగీ విడవొద్దని చెప్పాలె గద."

"నేను అమ్మేది మందులు తాతా. అంగీల దుకాణం పక్కకుంది."

ఇంటికి వచ్చి ఆ అంగీని ఆమె సద్ది సంచి మీద పెట్టాను. తెల్లారి అది మళ్లీ దండెం మీద ఉంది. మళ్లీ పెట్టాను, మళ్లీ దండెం ఎక్కింది. చివరికి వాకిట్లో అడ్డం నిలబడి, కమిలిన చేతులు ఆమెకే చూపించి, "అంగీ వేసుకుంటవా, లేదా?" అని అడిగాను.

ఆమె సంచి కింద పెట్టి చెప్పింది:

"నా తోలు మీద నీకు గంత పాయిరం ఉంటే, పెండ్లిళ్లకు దాసుకున్న తెల్లంగీ తియ్యి. గదైతే వేసుకుంట."