తలుపు దగ్గర ఆగిన క్యాసెట్

1998వ సంవత్సరం. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మాకు వీడియో లైబ్రరీ ఉండేది. అంటే సినిమా క్యాసెట్లు కిరాయికి ఇచ్చే కొట్టు. మాదాపూర్ వైపు గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్న రోజులవి. మా ఆయన లారీలో అటు ఇసుక తోలేవాడు, కొట్టులో నేను కూర్చునేదాన్ని. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఏ ఇంటికి ఏ సినిమా వెళ్ళిందో, ఎవరింట్లో ఏడుపు సినిమా పనికిరాదో అంతా నోటికి ఉండేది.

మా కొట్టుకు ఒక అలవాటు. పత్రికల్లో వచ్చిన రివ్యూలు కత్తిరించి, ఆ సినిమా డబ్బా లోపల అన్నం మెతుకులతో అంటించేదాన్ని. వచ్చినవాళ్ళు నిలబడి చదువుకుని, నచ్చితే తీసుకుపోయేవాళ్ళు. తర్వాత నా మీదికి కొట్లాటకు రాకుండా అదొక ఉపాయం.

అలా రెండు రివ్యూలు అంటించిన పాత నలుపు తెలుపు సినిమా ఒకటి ఉండేది. పట్నంలో చదువుకోమని పంపిన ఆడపిల్ల, బడి వదిలి నడుచుకుంటూ ఇంటికొస్తుంది. తలుపు తడుతుంది. లోపల గడియ తీసిన చప్పుడవుతుంది. అంతే, సినిమా అయిపోతుంది. టీవీలో మళ్ళీ వేసినప్పుడు ఒక వారపత్రికలో రాసినాయన, ఆ పిల్ల ఓడిపోయింది, ఆ తలుపు వెనక దెబ్బలూ వంటిల్లూ తప్ప ఏమీ లేవు, చదువు వదిలితే గతి ఇదేనని చెప్పే సినిమా అన్నాడు. దినపత్రికలో రాసినావిడ, పిల్ల తన బుద్ధితో చేసిన మొదటి పని అదే, పెద్దదవడమంటే అదే, తలుపు తీసింది తల్లే అయి ఉంటుంది అంది. రెండూ పక్కపక్కనే ఉండేవి.

దవాఖానలో నర్సుగా చేసే గ్రేస్ సిస్టర్ మాకు పాత గిరాకీ. కృష్ణా జిల్లా మనిషి. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురు షారోన్‌ను పెంచుకుంటోంది. పిల్లను నిజాంపేట వైపు కాలేజీ హాస్టల్లో వేయాలని, ఆ తర్వాత కంప్యూటర్ చదువు చెప్పించాలని ఆవిడ పట్టుదల. పిల్ల వెళ్ళనని మొండికేసింది. సిస్టర్ వారపత్రిక రివ్యూ చదివి, "ఇది చూపిస్తే బుద్ధొస్తుందండీ" అని క్యాసెట్ పట్టుకుపోయింది. రెండో రివ్యూ మీద ఆవిడ కళ్ళు నిలవలేదు.

క్యాసెట్ రివైండ్ చేయకుండా వెనక్కొచ్చింది. రివైండ్ అంటే టేపును మళ్ళీ మొదటికి తిప్పడం. తిప్పనివాళ్ళను నేను తిట్టేదాన్ని. మిషన్‌లో పెట్టి చూస్తే సరిగ్గా ఆ తలుపు దగ్గర ఆగి ఉంది. బొమ్మ మీద గీతలు పడ్డాయి. ఒకేచోట ఆపి ఆపి చూస్తే టేపు అలా అరిగిపోతుంది. పిల్లకు ఈ చోటు ఎందుకంత పట్టిందో అనుకుని పక్కన పెట్టేశాను.

పిల్ల హాస్టల్లో చేరింది. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం, మబ్బు కమ్ముకుని చీకటి పడేలా ఉన్నప్పుడు, సిస్టర్ యూనిఫాం మీదే పరుగెత్తుకొచ్చింది. పొద్దున టిఫిన్ తర్వాత షారోన్ హాస్టల్లో కనబడలేదట. వార్డుకు ఫోన్ వస్తే పర్మిషన్ తీసుకుని బయల్దేరింది. ఇల్లు చూసింది, చర్చి చూసింది, ప్రగతి నగర్‌లో స్నేహితురాలి ఇల్లూ చూసింది. పిల్ల ఎక్కడా లేదు. అక్కడి చెరువు మాట ఎత్తబోయి ఆగిపోయింది.

"యాదమ్మ గారూ, ఆ రోజు నాకు డ్యూటీ అండి, నేను సినిమా చూడలేదు. ఆ పిల్ల చివరికి ఎటు పోయిందండీ?"

"ఇంటికే వస్తది సిస్టర్. నడుసుకుంట." అప్పుడే ఆ గీతలు గుర్తొచ్చాయి. "నువ్వు ఇంటికి తాళమేసి వచ్చినవా?"

ఆవిడ పర్సులో తాళంచెవి గట్టిగా పట్టుకుంది.

షట్టర్ కిందికి లాగి ఆవిడతో వెళ్ళాను. రోడ్డంతా కంకర లారీలు. ఒక్కో లారీ పక్కనుంచి పోతుంటే ఆవిడ నా మోచెయ్యి నొక్కేస్తోంది. ఇంటి దగ్గర ఎవరూ లేరు. కింది వాటా ఆవిడ చెప్పింది, పిల్ల వచ్చిందట, తాళం పట్టుకుని చూసి, కాసేపు మెట్ల మీద కూర్చుని వెళ్ళిపోయిందట. సిస్టర్ వెంటనే పోలీసు స్టేషన్‌కు పోదామంది.

"జర ఆగు. నువ్వు తలుపు బార్లా తెరిచి ఈడనే ఉండు. నేను చూసొస్త" అన్నాను. ధైర్యంగానే అన్నాను గానీ, ఎటు పోవాలో నాకూ తెలియదు. ఒక్కటే తోచింది. ఇంటికి తాళముంటే ఆ పిల్ల రాగలిగిన చోటు నా కొట్టు. దానికీ నేనే షట్టర్ వేసి వచ్చాను.

చినుకులు మొదలయ్యాయి. షట్టర్ కింద అరుగు మీద షారోన్ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. చెప్పులకు మట్టి. నన్ను చూసి లేచి వెళ్ళిపోబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

"ఆంటీ, తలుపు తీశాక ఏమవుతుంది? ఒకాయన కొడతారన్నాడు, ఒకావిడ అమ్మే తీసిందంది. ఎన్నిసార్లు చూసినా తెలియలేదు."

"రాసినోళ్ళకు గూడ తెల్వది బిడ్డా. వాళ్ళు చూసింది గూడ గంతవరకే. నడువు, మీ ఇంట్ల తలుపు తీసే ఉంది."

సిస్టర్ కోపం నాకు తెలుసు. తీరా వెళ్తే, వానజల్లు లోపలికి కొడుతున్నా తలుపు మూయకుండా గడపలో నిలబడి ఉంది. తిట్టలేదు, ఏడవలేదు. కూతురి మణికట్టు అందుకుని నాడి చూసింది. రోజూ వార్డులో చూసినట్టే పట్టుకుంది గానీ వాచీ వంక మాత్రం చూడలేదు. నేను బయల్దేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

షారోన్ కొద్దిరోజులు ఇంట్లో ఉండి తనంతట తనే హాస్టల్‌కు వెళ్ళింది, ఆదివారం ఆదివారం ఇంటికొస్తానని ఒప్పించుకుని. సిస్టర్ మాత్రం నా మీద చాలా రోజులు అలిగింది. ఆ కాగితాలు పీకి పారేయమంది. నేను పీకలేదు. ఇద్దరూ అబద్ధం రాయలేదు కదా. సినిమా ఆగినచోటి నుంచి ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. మిగతాది చూసినవాళ్ళ ఇంట్లో జరుగుతుందని వాళ్ళకేం తెలుసు?

కొట్టు మూసేసేదాకా మళ్ళీ ఎంతోమంది ఆ క్యాసెట్ అడిగారు. ఎట్లుంటది అంటే డబ్బా చేతికిచ్చి చదువుకోమనేదాన్ని. చిన్నపిల్లలు ఒక్కరే వస్తే మాత్రం ఇచ్చేముందు ఒక మాట అడిగేదాన్ని.

"ఇంట్ల ఎవరున్నరు బిడ్డా?"