గోడ మాట, గాలి మాట

వీధిలో అందరూ ఆమెను ఫ్యూజక్క అంటారు. కరెంటు పని నేర్పింది అన్నయ్యే. ఆయన నిచ్చెన మీంచి పడి మంచానికి అతుక్కుపోయాక ఆ పనిముట్ల సంచి ఆమె భుజానికెక్కింది.

అన్నయ్య గదిలోకి ఎవరో వస్తారు, లైటు వేస్తారు, కబుర్లు చెప్పి ఆర్పకుండా పోతారు. కళ్ళలో వెలుతురు పడుతుంటే ఆర్పండని అరవడం ఆయనకు చచ్చేంత నామోషీ.

మంచం పక్కకి ఆమె ఒక వైర్‌లెస్ బొత్తం కొనిపెట్టింది. కానీ గోడల్లోని స్విచ్చులు ఆయన ఏనాడో బిగించినవి. అవి మామూలు స్విచ్చులు కావు, కరెంటు తీగల వెంబడే ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. బొత్తం గాలిలో మాట్లాడుతుంది. ఒకరి మాట ఒకరికి వినబడదు.

"గోడలు పగలగొట్టి కొత్తవి పెట్టించేద్దాం" అంది వదిన.

"నా పని మీద సుత్తి పడనివ్వను" అన్నాడు అన్నయ్య.

ఫ్యూజక్క ఒక చిన్న పెట్టె తయారుచేసి ప్లగ్గులో గుచ్చింది. గాలిలో విన్నది గోడకూ, గోడలో విన్నది గాలికీ చేరవెయ్యడం దాని పని.

అన్నయ్య బొత్తం నొక్కాడు. లైటు వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. గది మొత్తం కళ్ళార్పుతున్నట్టుంది.

"మీ వదినా, వియ్యపురాలూ ఫోనెత్తితే ఇంతే. ఒకరు ఊరుకుంటేగా ఇంకొకరు ఊరుకునేది!" అన్నాడు అన్నయ్య.

"మధ్యలో చేరవేసే మీరు నోరు మూసుకుంటే ఇద్దరం ఊరుకుంటాం" అంది వదిన.

"ఇక తీసి పారెయ్యవే" అన్నాడాయన, మొహం గోడకు తిప్పుకుని.

"తియ్యను. పని సగంలో దిగిపోవడం నువ్వు నాకు నేర్పలేదు."

వదిన మాట ఫ్యూజక్కలో ఎక్కడో మెరిసింది. లైటు మారిందని గోడ పంపే జవాబును కూడా పెట్టె కొత్త కబురనుకుంటోంది. గాలిలోకి తనే చెప్పి, తనే విని, మళ్ళీ గోడకు మోస్తోంది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన గొంతు తనకే వినబడితే పట్టించుకోవద్దని పెట్టెకు నేర్పింది. కుదరలేదు. మళ్ళీ నేర్పింది. కిటికీలో ఎండ పలచబడి, పోయింది.

"ఇప్పుడు నొక్కు."

వెలిగింది. వెలిగే ఉంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు.

అన్నయ్య మళ్ళీ నొక్కాడు. చీకటి మెత్తగా దిగి నిలిచింది. ఆయన కళ్ళు మూసుకుని ఒళ్ళు వదులు చేశాడు.

ఫ్యూజక్క నేల మీద తడుముకుంటూ పనిముట్లు ఏరుకుంది. పటకారు ఎంతకీ దొరకలేదు. లైటు వెయ్యమని మాత్రం అనలేదు.