తెల్లరాయి ఉండాల్సిన మలుపు

వరండాలో గోడకు ఆనించి పెట్టిన మా అమ్మాయి సైకిల్ చక్రాల మీద పూలకుండీ నీళ్ళు నాలుగు చుక్కలు పడ్డట్టున్నాయి, పోయిన శుక్రవారం పొద్దున వాటికి అంటిన ఎర్ర మొరం మట్టి తడిసి ఇల్లంతా వాసన లేచింది. తొలకరి వాసన అనుకునేరు, కాదు. తడిసిన మొరానికి తుప్పు పట్టిన ఇనుము వాసన ఉంటుంది, బీదర్ చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నేను మాత్రం ఆ వాసన తగిలితే ఇప్పటికీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను.

మా మౌనికకు ఈ మధ్య సైకిల్ పిచ్చి పట్టింది. ఆదివారం తెల్లారేసరికి ఇరవై మంది దాకా కలిసి తారు రోడ్లు వదిలేసి చేలగట్లు, బండిబాటలు పట్టుకుని తిరుగుతారు. దాన్ని గ్రావెల్ రైడ్ అంటారట. బుద్ధెరిగిన నాటి నుంచి మేం తొక్కిందంతా అదే, దానికో ఇంగ్లీషు పేరుందని ఈ వయసులో తెలిసింది! ఆ శుక్రవారం నాడే అది ఫోను తెచ్చి నా ముందు పెట్టి, ఈ ఆదివారం మీ ఊరి మీదుగానే పోతున్నాం చూడమని మురిసిపోయింది. హుమ్నాబాద్ రోడ్డు దిగి, చెరుకు తోటల్లో పడి హళ్ళిఖేడ్ దాకా సాగిన నీలం గీత అది. అద్దాలు పెట్టుకుని వేలితో ఆ గీత వెంటే పోయాను. మా చేను దగ్గర వేలు ఆగిపోయింది. అక్కడ దారి వంక తిరగాలి. ఫోన్లో మాత్రం నిటారుగా పోతోంది.

ఆ వంక ఎందుకో చెప్పాలి. మా నేల కింద, మొరం రాతిని తొలిచి, ఏనాటి సుల్తానుల కాలంలోనో నీళ్ళ కోసం సొరంగాలు తవ్వించారు. సురంగబావులనేవాళ్ళం. లోపలికి గాలీ వెలుతురూ పోవడానికి అక్కడక్కడ నేల మీదికి మూతులుండేవి. అలాంటి మూతి ఒకటి మా చేను పక్కన బండిబాటకు అడ్డంగా ఉండేది, అందుకే బాట దాన్ని తప్పించుకుని తిరిగేది. గోడ లేదు, గట్టు లేదు. వానాకాలం వెళ్ళేసరికి చుట్టూ గడ్డి నడుము లోతు పెరిగి మూతి ఆనవాలే దొరికేది కాదు. దానికి కాపలా అంతా ఒక్క రాయి. బాటకూ మూతికీ మధ్య చిన్న బిందెంత గుండ్రాయి, ఎంత దూరం నుంచైనా కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడేలా సున్నం పూసి ఉండేది. చూడకుండా వచ్చినా చక్రం దానికి తగిలి ఆగిపోయేది. ఏటా దానికి సున్నం వెయ్యడం మా నాన్న తమ్ముడు, మా కాక పని. రాయిని కడగడానికి పక్కకు దొర్లిస్తే, అది మళ్ళీ చోటుకు వచ్చేదాకా ఒక మనిషి అక్కడ కూర్చుని తీరాలి. దాహమైనా లేవకూడదు, పిలిచినా లేవకూడదు. కాక రాయి కడుక్కొచ్చేదాకా ఆయన భార్య, మా కాకమ్మ, అక్కడ కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను పక్కకు జరగమంటూ, ఒళ్ళో చాట పెట్టుకుని కందికాయ ఒలుచుకునేది.

ఎళ్ళమాసకు మాత్రం ఊరు ఊరంతా చేలల్లోనే ఉండేది. చలికాలం మధ్యలో వచ్చే ఆ అమావాస్య నాడు పచ్చికంది గింజలు, అనుములు, శనగలు, చేతికందిన ఆకుకూరలన్నీ వేసి పెద్ద గిన్నెలో వండిన బజ్జి, నువ్వులద్దిన సజ్జరొట్టెలు, ముందురోజే పులియబెట్టిన అంబలి గంపల్లో పెట్టుకుని ఆడవాళ్ళు బయల్దేరేవాళ్ళు. చేనులో ఐదు రాళ్ళు నిలబెట్టి పూజ చేసి, జొన్నచేను చుట్టూ అంబలి చిలకరించి, ఆ తర్వాత విస్తళ్ళు వేసేవాళ్ళు. తిన్నవాళ్ళు తిన్నచోటే కందిచేను నీడన వాలిపోయేవాళ్ళు. పెద్దల కళ్ళు మూతపడితే చాలు, సైకిళ్ళు మావి. సీటు అందదు కాబట్టి చట్రం మధ్యలోంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్ళం, మొరంలో జర్రున జారి మోకాళ్ళు చెక్కుకుపోయినా ఏడ్చేవాళ్ళం కాదు, ఏడిస్తే సైకిల్ పోతుంది.

నాకు పదేళ్ళప్పటి ఎళ్ళమాస అది. కాక కూతురు సుజాతక్క నాకన్నా రెండేళ్ళు పెద్ద. మా నాన్న సైకిల్ నాకు, కాక సైకిల్ తనకు. మలుపు నుంచి చేను చివరి దాకా పందెం. దుమ్ములో గీసిన గీత చక్రాలకు చెరిగిపోయి, ఎవరు ముందన్నది తేలక ఇద్దరం కొట్లాడుకున్నాం. నా మొండితనం మీకు తెలీదు. దూరానికి కనబడే గుర్తు ఉండాలని పట్టుబట్టి తెల్లరాయిని కదిలించాను. అక్క వద్దంది. వినలేదు. సరే, నువ్వు పెట్టి రా, నేను కూసుంట అని మూతి దగ్గర చతికిలబడింది. పల్లానికి దొర్లించుకుంటూ పోయి రాయిని చేను చివర పెట్టి వచ్చాను. తీరా చూస్తే, అక్క కూర్చుంటే పందెం ఎవరితో?

"లే అక్కా, ఒక్క పందెం. మళ్ళ తెచ్చి పెడ్త," అన్నాను.

లేచింది. నేను పిలిచానని లేచింది.

పందెం అక్కే గెలిచింది. గెలిచిన ఊపులో సైకిల్ వెనక్కి తిప్పి, నన్ను ఉడికిస్తూ నా వైపు మొహం తిప్పి నవ్వుతూ తొక్కింది. మలుపు వచ్చింది. చక్రానికి తగలాల్సిన రాయి అక్కడ లేదు. గడ్డి ఒక్కసారి ఊగింది, అంతే, బాట మీద అక్క లేదు. సైకిల్ లోపల రాతికి కొట్టుకుంటూ పోయిన చప్పుడు, తర్వాత కాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత నీళ్ళ చప్పుడు. ఆ మధ్యలో ఏమీ వినబడని కాసేపు ఉంది చూశారా, దాని నుంచి నేను ఇప్పటికీ బయటికి రాలేదు.

వంగి చూస్తే, అక్క మూతి లోపల తంగేడు వేరు పట్టుకుని వేలాడుతోంది. నా అరుపులకు లేచి పరుగెత్తుకొచ్చిన కాక, తలకు చుట్టిన రుమాలు విప్పి లోపలికి వదిలి పైకి లాగాడు. కుడి భుజం ఊడి చెయ్యి వేలాడుతోంది. రాయి ఎవరు తీశారని కాక అడిగాడు. "నేనే తీసిన నాయినా," అంది అక్క. నేను పక్కనే ఉన్నాను. కాక రాయి తెచ్చి చోటులో పెట్టి, పొద్దుగూకేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. కాక చనిపోయేదాకా నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అక్క చెయ్యి నేటికీ భుజం దాటి లేవదు, తల కూడా ఎడమచేత్తోనే దువ్వుకుంటుంది. ఆ సైకిల్ అప్పటి నుంచీ ఆ నీళ్ళలోనే ఉంది.

ఫోన్లో ఆ నిటారు గీత చూశాక భాల్కిలో ఉంటున్న అక్కకు ఫోన్ చేశాను. మూతి ఇంకా ఉందా అని అడిగాను.

"ప్లాట్లు చేసినప్పుడు మీద రేకు ఏసి మొరం పోసిండ్రు. బాట సాపు చేసిండ్రు. గా రేకు ఎన్ని వానలకు ఆగుతది?" అంది.

శనివారం బస్సెక్కి పోయి చూశాను. ముందురోజు వానకు బాట పొడుగునా గుంటల్లో ఎర్రనీళ్ళు నిలిచి ఉన్నాయి. ఒక్కచోట మాత్రం తాంబాళమంత పల్లంలో చుక్క నీరు లేదు. పడ్డ నీళ్ళు పడ్డట్టే కిందికి పోతున్నాయి. ప్లాట్ల కాపలాదారుకు చెబితే, సారుకు చెప్తానన్నాడు. మౌనిక తన గుంపుకు ఫోన్లో రాసింది, సగం మంది బొటనవేలు బొమ్మ పంపారు. మా గుంపులోవాళ్ళు అటు మూడుసార్లు పోయారట, ఏం కాలేదమ్మా, అంది నాతో. ఏం కాకపోవడమే నా భయం.

ఆదివారం తెల్లారకముందే వెళ్ళి ఆ పల్లానికి ఇవతల, బాటకు అడ్డంగా కూర్చున్నాను. కాసేపటికి చెరుకు తోటల వైపు నుంచి మొరం మీద టైర్ల చప్పుడు వినబడింది. ముందు మా అమ్మాయే వస్తోంది, నన్ను చూసి సిగ్గుతో సగం చచ్చిపోయింది. ఒక్కొక్కరే దిగి సైకిళ్ళు మోసుకుంటూ పక్కచేని కొయ్యకాళ్ళలోంచి చుట్టూ తిరిగి పోయారు. ఒకాయన నా ఫొటో తీసుకున్నాడు. వాళ్ళు పోయినా నేను లేవలేదు. పాలవాళ్ళు వస్తారు, బడిపిల్లలు వస్తారు, వచ్చే వారం ఇంకో గుంపు వస్తుంది.

రాత్రే ఫోన్లో అక్కకు సంగతంతా చెప్పాను, భాల్కి బస్సు దిగి ఆమె వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఎడమచేతిలో సున్నం మూట. నా పక్కన చతికిలబడి మూట ఒళ్ళో పెట్టుకుంది.

"పోయి రాయి తేపో. నేను కూసుంట," అంది. మూట ముడి సర్దుకుంటూ, "ఈసారి నువ్వు పిల్సినా లేవ," అంది.

నేను రాయి కోసం బయల్దేరాను. మా కందిచేను లేదు, తంగేడు పొద లేదు, నేలంతా చదును చేసి హద్దులకు సిమెంటు కడీలు పాతారు. ఎంత దూరం పోయినా బిందెంత రాయి ఒక్కటి కనబడలేదు. రెండుసార్లు ఆగి, అక్క ఉందా అని వెనక్కి తిరిగి చూసుకున్నాను.