సాక్షి సంతకం

బిలాస్‌పూర్ స్టేషను వెయిటింగ్ హాల్లో ఆ రోజు నేను అరిచిన అరుపుకి ఊళ్లోని వ్యాపార్ విహార్ హోల్‌సేల్ బజారులో లారీలు ఆగిపోయి ఉండాలి. కారణం, నా పక్కన కూర్చున్న అమ్మాయి. ఆ ఊళ్లోనే తోర్వా పేట తెలుగుపిల్ల, తండ్రి రైల్వే షెడ్డులో ఖలాసీ. తొలినాళ్ల అమెరికా సాహిత్యం మీద థీసిస్ రాసింది.

అందులోని ఒక బానిసపిల్ల సంగతి చెప్పింది. ఆ పిల్ల కవితలు రాస్తే ఎవరూ నమ్మలేదట. ఊరిపెద్దలైన దొరలు "ఇవి ఈమే రాసింది" అని సంతకాలు పెట్టాకే పుస్తకం అచ్చయిందట.

"దుర్మార్గం!" అన్నాను, ఆ దొరల మీసాలు ఇక్కణ్ణుంచే పీకేటంత కోపంతో.

"అప్పటి సంగతికే అలాగైపోతే ఎలా బాబాయ్? మొన్న నా థీసిస్ వైవాలో ఆ ప్రశ్నలడిగే ప్రొఫెసర్లు ఏటన్నారో తెలుసా? 'అచ్ఛా, ఖలాసీ కూతురికి ఇంత ఇంగ్లీషెక్కడిది? నువ్వే రాసావని ఎవరైనా పెద్దమనిషి చేత రాయించి తే, డిగ్రీ సంగతి అప్పుడు చూద్దాం' అన్నారు."

లారీలు ఆగింది అప్పుడే. గునపమంత పెన్ను బయటికి తీశాను.

"తే అమ్మా కాగితం! బ్యాంకు మేనేజర్ని. సంతకం పెట్టి, పళ్లెమంత స్టాంపు కూడా కొడతాను!"

ఆమె నా పెన్ను మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బాబాయ్. ఆ దొరలు కూడా ఆ పిల్లకి మంచి చేద్దామనే పెట్టేరు."

"మరి డిగ్రీ?"

"మళ్లీ వెళ్లి కూర్చుంటాను. ఏటడుగుతారో నన్నే అడగమంటాను."

బండి రాగానే ఎక్కి వెళ్లిపోయింది. డిగ్రీ ఇచ్చారో లేదో నాకు తెలియదు. బ్యాంకులో మాత్రం, ఎవరి తరఫునైనా పెద్దమనిషి వచ్చి మాట్లాడబోతే, ఆయన్ని కూర్చోబెట్టి ముందు పని కావలసిన మనిషినే అడుగుతున్నాను.